భయానికి మత్తు మందు కాదు

(మైనారిటీ కుటుంబాల సమావేశంలో ఒక మానసిక వైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)



మత్తు గురించి మాట్లాడేవారు సాధారణంగా అది పాపమని, నేరమని చెప్పి ముగిస్తారు. అది హరామ్ అన్న సంగతి మీకు నేను చెప్పవలసిన పని లేదు. మన పిల్లలకూ అది తెలుసు. తెలిసీ ఎందుకు అందులో పడుతున్నారన్నదే నేడు మనం ఆలోచించవలసిన ప్రశ్న.

కొంతకాలం క్రితం ఒక తల్లి తన కుమారుణ్ణి నా దగ్గరకు తీసుకువచ్చింది. ఇరవై నాలుగేళ్ల యువకుడు, వెల్డింగ్ పనివాడు. రోజుకు పదికి పైగా నిద్రమాత్రలు మింగుతున్నాడు. "చెడు సావాసం, డాక్టర్ సాబ్" అన్నదామె. అతణ్ణి ఒంటరిగా కూర్చోబెట్టి అడిగినప్పుడు వేరే కథ బయటపడింది. మూడేళ్ల కిందట బస్సులో ఉన్నట్టుండి గుండె దడ, చెమటలు, ఊపిరాడకపోవడం, ప్రాణం పోతున్నదన్న భయం. ఆసుపత్రిలో ఇసిజి తీసి, గుండెకు ఏమీ లేదని పంపివేశారు. మరి ఆ బాధ ఏమిటో ఎవరూ చెప్పలేదు. భయం మళ్లీ మళ్లీ వచ్చింది. బస్సెక్కడం మానేశాడు. జుమా నమాజుకు వెళ్లినా గుమ్మం దగ్గరే నిలబడేవాడు. ఒకనాడు స్నేహితుడిచ్చిన మాత్ర వేసుకుని ఎన్నో నెలల తరువాత హాయిగా నిద్రపోయాడు. వ్యసనం ఆ రాత్రే మొదలైంది.

ఈ వ్యాధిని ఆందోళన రుగ్మత అంటారు. ఇది పిరికితనమూ కాదు, ఈమాన్ లోపమూ కాదు. ఆందోళన ఉన్న ప్రతివాడూ మత్తుకు బానిస కాడు. మత్తుకు లోబడిన ప్రతివాడూ ఆందోళనతోనే మొదలుపెట్టలేదు. అయినా ఈ రెండూ ఒకే మనిషిలో తరచుగా కలిసి కనిపిస్తాయి. అందుకు కారణం ఉంది. మద్యం, నిద్రమాత్రలు మెదడును కొంతసేపు శాంతపరుస్తాయి. రోజూ వాడితే మెదడు వాటికి అలవాటుపడి, తనంతట తాను శాంతించే శక్తిని కోల్పోతుంది. ప్రభావం తగ్గగానే పాత భయం రెట్టింపై తిరిగి వస్తుంది. దానిని అణచడానికి మరో మాత్ర కావాలి. తీర్చినకొద్దీ పెరిగే అప్పు వంటిది ఇది.

2015లో తెలంగాణలో జరిగిన సంగతి మీలో కొందరికి గుర్తుండవచ్చు. కల్తీ కల్లుపై దాడులు జరిగి సరఫరా ఆగిపోగానే నిజామాబాద్, మహబూబ్‌నగర్, హైదరాబాద్ ఆసుపత్రులకు జనం బారులు తీరారు. చేతులు వణకడం, నిద్ర లేకపోవడం, ఫిట్స్, పొంతనలేని మాటలు. ఆ కల్లులో కలిపే పదార్థాలలో ముఖ్యమైనది ఆల్ప్రాజోలం. ఆందోళనకు వైద్యులు రాసే మందే అది! వైద్యుని పర్యవేక్షణలో కొద్దికాలం వాడితే మందు. కొలత లేకుండా ఏళ్ల తరబడి వాడితే సంకెల.

కనుక తల్లిదండ్రులకు నా మొదటి మనవి: గదిలో పెట్టి గొళ్లెం వేసి, ఒక్కరోజులో మాన్పించే ప్రయత్నం చేయకండి. ఎక్కువకాలం వాడిన మద్యం గాని, నిద్రమాత్రలు గాని హఠాత్తుగా ఆపితే ప్రాణాపాయం కలగవచ్చు. వైద్యుని సలహాతో క్రమంగా తగ్గించాలి. రెండవది: మత్తును మాన్పించి భయాన్ని అలాగే వదిలివేస్తే వ్యసనం తిరిగి వస్తుంది. రెండింటికీ ఒకేసారి చికిత్స జరగాలి. ఆందోళనకు వ్యసనంగా మారని మందులున్నాయి, మాటల ద్వారా చేసే చికిత్స కూడా ఉంది.

ఇక హక్కుల విషయం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మాదకద్రవ్యాల వల్ల కలిగే మానసిక స్థితులను కూడా వ్యాధిగానే గుర్తించింది. ప్రభుత్వ సేవలలో చికిత్స పొందడం ప్రతి వ్యక్తి హక్కు. మతం, కులం, వర్గం కారణంగా వివక్ష చూపరాదని అదే చట్టం చెబుతున్నది. రోగి వివరాలను గోప్యంగా ఉంచాలి. రోగిని గొలుసులతో బంధించడం నిషిద్ధం. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో, దర్గా ఉన్న ఆ ఊరికి స్వస్థత కోరి వచ్చినవారిని ఉంచిన ఒక ప్రైవేటు ఆశ్రమంలో మంటలు లేచినప్పుడు, గొలుసుల వల్ల తప్పించుకోలేక 28 మంది మరణించారు. వారిని అక్కడికి చేర్చిన కుటుంబాలు వారి మేలునే కోరి ఉంటాయి. దుఆ చేయండి, తప్పక చేయండి. దానితోపాటు ఆసుపత్రికీ తీసుకువెళ్లండి.

పోలీసు కేసు భయంతో బిడ్డలను దాచేవారూ ఉన్నారు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలోని 64ఎ సెక్షన్, కొద్ది పరిమాణంలో వాడి పట్టుబడిన బాధితుడు స్వచ్ఛందంగా గుర్తింపు పొందిన కేంద్రంలో చికిత్స పూర్తిచేసుకుంటే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ కల్పిస్తున్నది. మానసిక సహాయానికి 14416, వ్యసన విముక్తికి 14446 నంబర్లకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

ఆ యువకుని మాత్రలు పూర్తిగా ఆగడానికి ఎనిమిది నెలలు పట్టింది. మధ్యలో రెండుసార్లు జారాడు. రెండుసార్లూ తల్లి తిట్టకుండా తీసుకువచ్చింది. చివరిసారి వచ్చినప్పుడు బస్సులో వచ్చానన్నాడు. మీ ఇంటి బిడ్డ మత్తులో ఉన్నాడని తెలిసిన రోజున "ఎందుకు చేశావు?" అని అడగడానికి ముందు "దేనికి భయపడుతున్నావు?" అని అడగండి. ఆ ప్రశ్నతోనే చికిత్స మొదలవుతుంది.