పయనమునకు ముందే పత్రము



పనికై పరదేశము పోవు చిన్నవాడు బయలుదేరక మునుపే తన జీతబత్తెములను, రాకపోకల ఖర్చులను ఏ విధముగ నిర్ణయించుకొనవలయునో నేడు మనవి చేసెదను.

ఈ పయనము మనకు క్రొత్తది కాదు. 1903 మొదలు చెన్నపట్టణపు రేవు నుండి ఫిజీ దీవులకు కూలివారి ఓడలు సాగినవి; అందు మన తెలుగువారును పోయిరి. ఒడంబడిక అయిదేండ్లది. దానినే వారు ‘గిర్మిట్’ అనిరి. కాని ఖర్చు లేకుండ స్వదేశమునకు మరలు హక్కు పదియేండ్లు గడచినగాని కలుగదు. వ్రేలిముద్ర వేసిన వారిలో ఎందఱకు ఆ భేదము తెలిసి యుండును?

వారికి చదువు రాదు. నాకు వచ్చును; అయినను నేనును పొరబడితిని. కొన్నియేండ్ల క్రిందట నా శిష్యుడొకడు దుబాయి కొలువు పత్రమును నాకు చూపెను. జీతము 1,200 దిర్హములని చదివి, బాగున్నదంటిని. అందు మూలజీతము, అనగా ఏజెంట్లు బేసిక్ అనునది, 600 మాత్రమే యని క్రింది పంక్తిలో నుండెను. దానిని నేను లెక్కింపనైతిని. అచ్చటి చట్టము ప్రకారము కొలువు చాలించునపుడిచ్చు గ్రాట్యుటీ మూలజీతమును బట్టియే కట్టుదురు: మొదటి అయిదేండ్లకు ఏటికి 21 దినముల జీతము. అయిదేండ్లకు అతనికి వచ్చినది 2,100 దిర్హములు. జీతమంతయు మూలజీతమైనచో 4,200 వచ్చి యుండును. వేళకు మించిన పనికి కూలియు అట్లే తగ్గెను. అతడు నన్ను ఒక్క మాట యనలేదు. అదియే నన్ను నేటికిని బాధించుచున్నది.

నిరుడు అతని తమ్ముడు పత్రము తెచ్చెను. ఈమాఱు రచ్చబండకడ నలుగురము కూర్చుండి ఏజెంటును పిలిపించితిమి. మూలజీతము వేయి కావలయును. బస, భోజనము, తిరుగు టిక్కెట్టు వ్రాతలో నుండవలయును అంటిమి.

“పంతులుగారూ, ఇవన్నియు అచ్చటికి పోయిన పిమ్మట చూచుకొనవచ్చును” అని యాతడనెను.

“అచ్చట అప్పులతో దిగినవానికి అడుగు బలమెక్కడిది? విమానమెక్కక మునుపే కదా మన మాటకు విలువ!” అంటిని.

పండ్రెండు దినములు జవాబు లేదు. కొలువు చేజాఱెనని తల్లి కన్నీరు పెట్టుకొనెను. నా గుండెయు జంకినది. తుదకు పత్రము వచ్చెను. మూలజీతము 950, బస, టిక్కెట్టు ఒప్పుకొనిరి, భోజనము ఒప్పుకొనలేదు. లెక్క చూచి సరేయంటిమి.

పెద్దలారా, 1983 నాటి వలసల చట్టము క్రింద నమోదైన ఏజెంటునే నమ్ముడు. 2017లో సవరించిన నియమముల ప్రకారము అతని రుసుము, పన్ను గాక, 30,000 రూపాయలకు మించరాదు. రసీదు లేక పైకమీయవలదు. వలస అనుమతి పొందు కూలివారికి ప్రవాసీ భారతీయ బీమా యున్నది: రెండేండ్లకు 275 రూపాయలు కట్టిన, ప్రమాదమున మరణించినవాని కుటుంబమునకు 10 లక్షలు వచ్చును.

మీ యింటి బాలుడు పత్రము తెచ్చినపుడు మొత్తము చూచి మురియకుడు. మూలజీతమెంత, బస యెవరిది, తిరుగు టిక్కెట్టు ఎవరిది అని యడిగి, వ్రాతలో చూచిన పిమ్మటనే దీవించి పంపుడు. నావలె తొందరపడి బాగున్నదనకుడు.

సెలవు.