నలభైలో వచ్చిన పిలుపు
(రేడియో ప్రసంగ పాఠం)



పొద్దున్నే ఎ షిఫ్టు వాళ్ళకి కారియర్లు కట్టి, పిల్లల్ని బడికి పంపి, ఇప్పుడిప్పుడే కాస్త నడుం వాల్చి ఉంటారు. ఈవేళ వంటల సంగతి పక్కన పెట్టి, ఒక ఆటగాడి గురించి చెబుతాను. "ఆటలతో మాకేం పనమ్మా!" అనకండి. పని ఉంది.

ముందు నా సంగతి ఒక్క మాట. బడిలో చదివే రోజుల్లో నేను టెన్నికాయిట్ బాగా ఆడేదాన్ని. పదో తరగతి అయింది, పెళ్ళయింది, రింగు అటకెక్కింది. మొన్నామధ్య మా కాలనీలో ఆడవాళ్ళు సాయంత్రాలు షటిల్ మొదలుపెడితే, మా అమ్మాయి బాటు పట్టుకుని నేనూ వెళ్ళాను. రెండోరోజే ఒకావిడ, "నలభై దాటాక ఈ గెంతులేవిటి వదినా?" అంది. హాస్యానికే అని ఉంటుంది. నాకు మాత్రం మనసు చివుక్కుమంది. మర్నాటి నుంచి మానేశాను. సరిగ్గా ఆ రోజుల్లోనే కోటా రామస్వామిగారి గురించి చదవడం తటస్థించింది.

రామస్వామిగారు 1896 జూన్ 16న మద్రాసులో పుట్టారు. మన తెలుగువారే. ఆ కాలంలో మద్రాసులో క్రికెట్టంటే దొరల ఆట. మనవాళ్ళూ ఆడాలని పట్టుబట్టి మద్రాసు యునైటెడ్ క్లబ్బు పెట్టించినవారు బుచ్చిబాబునాయుడుగారు. ఆయన చిన్నకొడుకే ఈ రామస్వామి. తల్లివైపు తాతగారికి దత్తత వెళ్ళడంతో ఇంటిపేరు కోటా అయింది. పన్నెండేళ్ళ వయసులోనే, 1908లో, కన్నతండ్రి పోయారు. ఆయన అలవాటు చేసిన ఆట మాత్రం ఇంట్లో నిలిచింది.

మద్రాసులో చదువయ్యాక ఆయన ఇంగ్లండు వెళ్ళి కేంబ్రిడ్జిలో చేరారు. అక్కడ పేరు తెచ్చింది క్రికెట్టు కాదు, టెన్నిసు! 1922లో డేవిస్ కప్ పోటీల్లో, అంటే దేశాలకీ దేశాలకీ మధ్య జరిగే టెన్నిసు పోటీల్లో, భారతదేశం తరపున డబుల్స్ ఆడారు. అప్పటికి ఇరవై ఆరేళ్ళు. తిరిగొచ్చి మద్రాసు ప్రభుత్వ వ్యవసాయశాఖలో ఉద్యోగంలో కుదురుకున్నారు.

మరి క్రికెట్టో? అందులో దేశానికి ఆడదామంటే అప్పటికి మనకి టెస్టు జట్టే లేదు. మన మొదటి టెస్టు 1932లో లండన్‌లోని లార్డ్స్ మైదానంలో జరిగింది. దానికి కెప్టెన్ సి.కె.నాయుడుగారు, ఆయనా తెలుగువారే. ఆ జట్టులో రామస్వామిగారు లేరు. వయసు ముప్ఫయ్యారు. ఇంకెవరైనా అయితే, "ఇంక మనకెందుకులే" అని బాటు మూలన పెట్టేవారు. ఆయన పెట్టలేదు. ఉద్యోగం చేసుకుంటూనే ఆడుతూ వచ్చారు.

1936లో మన జట్టు మళ్ళీ ఇంగ్లండు వెళ్ళింది. ఈసారి కెప్టెన్ మన పొరుగున ఉన్న విజయనగరం రాజకుటుంబానికి చెందిన విజ్జీగారు. రామస్వామిగారికీ పిలుపొచ్చింది. మొదటి టెస్టులో చోటు దొరకలేదు. జూలై 25న మాంచెస్టర్‌లో రెండో టెస్టులో దిగేసరికి, నలభై నిండి నెల దాటింది! మనదేశంలో అంతకన్నా పెద్ద వయసులో తొలి టెస్టు ఆడినవారు రుస్తుంజీ జంషెడ్జీ ఒక్కరే.

ఆ మాచ్‌లో ఇంగ్లండు 571 పరుగులు చేసింది. మనవాళ్ళు 203కే అయిపోయారు. అందులో ఈయనవి 40. రెండోసారి విజయ్ మర్చంట్, ముస్తాక్ అలీ చెరో సెంచరీ కొట్టి నిలబెడితే, ఈయన తనవంతు 60 చేర్చారు. ఓడిపోతామనుకున్న మాచ్ డ్రా అయింది. తరువాతి టెస్టులో 29, ఔట్ కాకుండా 41. మొత్తం నాలుగు ఇన్నింగ్సులు, 170 పరుగులు. అంతే, ఆయనకి మళ్ళీ టెస్టు దక్కలేదు. కాని దక్కిన రెండింటిలోనూ తలదించుకునే పని చెయ్యలేదు.

ఇక్కడొక్క సంగతి గమనించండి. నలభయ్యేళ్ళకి ఆయన ఆట మొదలుపెట్టలేదు. అప్పటిదాకా మానలేదు, అంతే. అందుకే పిలుపొచ్చిననాడు చెయ్యి తిరిగింది.

"ఆయనకేం, కలిగినవారు, పైగా మగవారు. వంటింట్లో పొయ్యిమీద ఎసరు పెట్టి వెళ్ళారా?" అంటారు మీరు. నిజమే, కాదనను. మనల్నెవరూ ఇంగ్లండు పిలవరు. 2025 అక్టోబరులో ఆడపిల్లల ప్రపంచకప్ మాచ్‌లు మన విశాఖలోనే జరిగాయి. పిల్లలు ఆడుతుంటే ఇంటిల్లిపాదీ చప్పట్లు కొట్టాం. మరి మనం సాయంత్రం ఓ అరగంట బాటు పట్టుకోవడానికి సిగ్గెందుకు? మన పిల్లలు చప్పట్లు కొట్టరనా?

చివరి సంగతి చెప్పాలంటే గొంతు పట్టేస్తుంది. తరువాతి కాలంలో ఆయన, ఆటల పిచ్చివాడి కబుర్లు అని అర్థమొచ్చే పేరుతో ఇంగ్లీషులో తన కథ రాసుకున్నారు. 1985 అక్టోబరు 15న, ఎనభై తొమ్మిదేళ్ళ వయసులో, మద్రాసులో ఇంట్లోంచి బయటికి వెళ్ళారు. మళ్ళీ తిరిగి రాలేదు. ఏమయ్యారో నేటికీ తెలియదు. పుట్టినరోజు పుస్తకాల్లో ఉంది, పోయినరోజు మాత్రం ఎవరూ ఖాయంగా రాయలేకపోయారు. ఎవరినీ తప్పుపట్టడానికి ఈ మాట చెప్పడంలేదు. మన ఇళ్ళలోనూ పొద్దున్నే బీచికో, గుడికో ఒంటరిగా వెళ్ళే పెద్దవాళ్ళున్నారు. వాళ్ళని ఆపొద్దు. జేబులో ఓ చీటీ మీద పేరు, చిరునామా, ఫోను నంబరు రాసిపెట్టండి, చాలు.

నేనా? మళ్ళీ బాటు దుమ్ము దులిపాను. మొదటివారం మోకాళ్ళు పట్టేశాయి, అబద్ధమెందుకు! ఇప్పుడు ఫరవాలేదు. ఆ నవ్వినావిడని కూడా రమ్మన్నాను. "చూద్దాంలే వదినా" అంది.