తొలిసారి విమానమెక్కేవారికి

జగిత్యాల, కోరుట్ల, నిర్మల్ ప్రాంతాలలో దుబాయి మాట వినబడని ఇల్లు అరుదు. కొడుకో, అల్లుడో, తమ్ముడో ఆ ఎడారి దేశాలలో కష్టించి ఇంటికి సొమ్ము పంపుతూ ఉంటాడు. అట్లా తొలిసారి బయలుదేరేవానికి అప్పు చేసి ప్రయాణం కుదుర్చుకొనటం తెలుసు. బస్సెక్కి హైదరాబాదు చేరటం తెలుసు. శంషాబాదు విమానాశ్రయపు వాకిలి దాటిన పిమ్మట జరిగే తనిఖీ మాత్రం తెలియదు. తెలియనిది భయపెడుతుంది. ఆ భయం తీర్చటానికే ఈ నాలుగు మాటలు.

ఈ సోదా మనను నేరస్థులుగా అనుమానించి చేసేది కాదు. 1999 డిసెంబరులో ఖాట్మండు నుండి ఢిల్లీకి వస్తున్న మన విమానాన్ని దుండగులు కాందహారుకు మళ్లించారు. ఆ పిమ్మట, 2000 సంవత్సరం నుండి, విమానాశ్రయాల రక్షణ క్రమంగా కేంద్ర పారిశ్రామిక భద్రతా దళానికి అప్పగించబడినది. 2006 ఆగస్టులో ద్రవరూపమైన పేలుడు పదార్థాలతో విమానాలను కూల్చే కుట్ర ఒకటి లండనులో బయటపడినది. చేతిసంచిలోని ద్రవాలకు సీసాకు 100 మిల్లీలీటర్లన్న పరిమితి అప్పటి నుండి వచ్చినదే. మన చేతి సీసాను అడ్డగించే నియమం మన ప్రాణాలను కాచే నియమం కూడ.

విమానం బయలుదేరటానికి మూడు గంటల ముందే అక్కడ ఉండవలెను. కరీంనగరం నుండి హైదరాబాదు సుమారు 160 కిలోమీటర్లు, ఆదిలాబాదు నుండి సుమారు 300. శంషాబాదు నగరానికి దక్షిణాన, ఇంకను దూరం. కనుక తెల్లవారుజామున విమానమైతే ముందునాడే బయలుదేరటం మేలు. వాకిలి వద్ద పాస్‌పోర్టు, టిక్కెట్టు చూపవలెను. లోపల విమాన సంస్థవారు పెద్ద పెట్టెను తూచి తీసుకొని, బోర్డింగు పాసు ఇస్తారు. తరువాత ఇమిగ్రేషను అధికారి పాస్‌పోర్టు పరిశీలించి ముద్ర వేస్తాడు. ఆ పిమ్మట భద్రతా తనిఖీ.

అక్కడ సెల్‌ఫోను, నడికట్టు, చిల్లర నాణేలు, తాళపుచెవులు ఒక పళ్లెంలో ఉంచి, చేతిసంచితో పాటు యంత్రంలోకి పంపవలెను. మనము ద్వారబంధం వంటి మరొక యంత్రం గుండా నడువవలెను. మొలతాటికి వెండి బిళ్ల ఉన్నా, మెడలో రాగి తాయెత్తు ఉన్నా అది కూత పెట్టవచ్చును. కూత నేరానికి గుర్తు కాదు, లోహానికి గుర్తు. భద్రతా భటుడు చేతి పరికరంతో చూచి పంపివేస్తాడు. స్త్రీలకు తెరచాటున స్త్రీలే తనిఖీ చేస్తారు. ఒక్క జాగ్రత్త మరువరాదు: పరిహాసానికైనను అక్కడ బాంబు అన్న మాట పలుకరాదు. అటువంటి పరిహాసం ప్రయాణాన్ని పోలీసు ఠాణాలో ముగించగలదు.

ఇక సంచుల సంగతి. సకినాలు, సర్వపిండి చేతిసంచిలో నిశ్చింతగా తీసుకొని పోవచ్చును. నెయ్యి, నూనె తేలే ఆవకాయ గట్టిగా మూతలు బిగించి పెద్ద పెట్టెలో పెట్టవలెను. కత్తి, కత్తెర కూడ అందులోనే. పవర్ బ్యాంకు మాత్రం చేతిసంచిలోనే ఉండవలెను. పెద్ద పెట్టెలో అది వేడెక్కి నిప్పంటుకుంటే ఆర్పే మనిషి అక్కడ ఉండడు. బీడీకట్ట వెంట అగ్గిపెట్టెను, లైటరును ఇంటనే విడిచి రావలెను.

ఒకనాడు వరుసలో నా ముందున్న యువకుని సంచి నుండి భటుడు రెండు కుడుకలు బయటికి తీశాడు. పసుపు పూసి ఉన్నవి. తల్లి శుభమని పెట్టి పంపినది. ఎండుకొబ్బరిలో నూనె మెండు. అది తనంత తాను వేడెక్కి రాజుకొనగలదు కనుక ఏ సంచిలోను పనికిరాదు. భటుడు మర్యాదగానే చెప్పాడు. యువకుడు ఆ కుడుకలను కళ్లకద్దుకొని అక్కడి బల్లపై ఉంచి వెళ్లాడు. ముందే తెలిసి ఉంటే ఆ తల్లి సకినాలే మరి రెండు ఎక్కువ పెట్టి ఉండేది.

కుడుకలతో పోయినది కుడుకలే. కాని కొన్ని మూటలతో జీవితమే పోవచ్చును. మనకు వంటదినుసైన గసగసాలు ఎమిరేట్సు, సౌదీ దేశాలలో మాదకద్రవ్యాల కింద నిషిద్ధం. కొన్ని నొప్పి మాత్రలకు కూడ అక్కడ కఠినమైన కట్టుబాట్లున్నవి. వైద్యుని చీటీ లేనిదే మందులు తీసుకొని పోరాదు. ఇంతకంటె ప్రమాదమైనది పరుల పొట్లం. మావాడికి ఇయ్యి బిడ్డా అని పొరుగువారు ఇచ్చిన మూటలో ఏమున్నదో మనకు తెలియదు. ఎవరి సంచిలో దొరికితే వారినే చట్టం అడుగుతుంది. నాకు తెలియదన్న మాటను పరదేశపు న్యాయస్థానంలో నిరూపించటం కూలికి పోయిన పేదవానికి సులభం కాదు.

ఈ సంచి మీరే సర్దుకున్నారా అని విమానాశ్రయంలో అడుగుతుంటారు. అవునని ధైర్యంగా చెప్పగలిగినవానికి తనిఖీ అంటే భయం లేదు. కాబట్టి ప్రయాణపు ముందునాటి రాత్రి ఇంటిల్లిపాదీ కూర్చుండగా మీ సంచి మీ చేతులతోనే సర్దుకొనండి. తల్లి పెట్టినదైనా, నేస్తం ఇచ్చినదైనా విప్పి చూచిగాని లోపల పెట్టకండి. విప్పవద్దని ఎవరైనా అంటే, ఆ మూటను వారి చేతికే తిరిగి ఇచ్చివేయండి.