దారి యంచు

సిద్దిపేట మీదుగా పోవు రాజీవ్ రహదారిని మీలో ననేకు లెరుగుదురు. కరీంనగరము, రామగుండముల వైపు సాగు లారీలు, కొమురవెల్లి మల్లన్న దర్శనమునకు పోవు బండ్లు, వంటిమామిడి అంగడికి కూరగాయలు చేర్చు ఆటోలు, అన్నియు దానిపైననే నడచును. ఆ పెద్ద దారిని గూర్చి మాటలాడువారు చాలమంది కలరు. నేను మాత్రము దారి యంచును గూర్చి, అందును దాని నుండి చీలి లోపలికి పోవు పల్లెదారుల యంచును గూర్చి చెప్పదలచితిని. ఇందుకు నా స్వానుభవమే కారణము.

ఉద్యోగమున నున్న కాలమున నేనొక పల్లెదారికి క్రొత్త తారుపొర వేయించితిని. అది యా దారికి మూడవ పొర. మందము కొలిచితిని, రోలరు సరిగా నడచినదో లేదో చూచితిని, కాగితములపై సంతకము చేసితిని. పొర వేసినకొలది తారు పైకి లేచును గాని, ప్రక్కనుండు మట్టిబర్ము ఉన్నచోటనే యుండును. ఆ యంచున ఐదంగుళముల మెట్టు ఏర్పడినది. ఆ వానకాలమున, పాలు పోసి ఇంటికి మరలుచున్న యొక యువకుడు ఎదురుగా వచ్చు లారీకి చోటిచ్చి, మోటారు సైకిలుతో ఆ మెట్టు దిగి, మరల నెక్కబోయి పడిపోయెను. ప్రాణము దక్కినది, కాలు దక్కలేదు. గుత్తేదారు తప్పు లేదు. అడిగిన కొలతలన్నియు సరిగానే యున్నవి. మెట్టును కొలువవలెనని నాకు తోచలేదు, అంతే.

తరువాత నీ విషయమై చదివితిని. చక్రము దిగునప్పటి కంటె ఎక్కునప్పుడే అపాయ మెక్కువ. టైరు ప్రక్కభాగము తారుగోడను రాచుకొనుచు పైకి రాదు. నడుపువాడు మరికొంత త్రిప్పును, అప్పటికిని రాదు. ఇంకను త్రిప్పగా హఠాత్తుగా నెక్కును. అప్పటికే చక్రము మిక్కిలి వంకరగా నుండుటచేత కారు దారికి అడ్డముగా ఎదుటి వరుసలోనికి దూకును. రెండు చక్రముల బండి యైన పడిపోవును. అమెరికాలో పరిశోధకులు దీనికి చాల చౌకయైన యుపాయము కనుగొనిరి. తారు పరచు యంత్రమునకు ఒక ఇనుప అచ్చు తగిలించి, అంచును నిలువుగా గాక 30 డిగ్రీల వాలుగా నొత్తుదురు. దానిపై మట్టి కప్పుదురు. వానకు మట్టి కొట్టుకొనిపోయినను వాలు మిగులును; చక్రము మెల్లగా పైకి వచ్చును. అంచు గట్టిగా నొత్తబడుటచే త్వరగా రాలిపోదు కూడ.

ఇక మట్టి సంగతి. మనవైపు ఎర్రచల్కలతో బాటు నల్లరేగడియు కలదు. రేగడి నీరు త్రాగి యుబ్బును, ఎండకు ముడుచుకొని నెఱ్ఱెలు విచ్చును. దారి నడుమ తారు క్రింద తేమ అంతగా మారదు. అంచు క్రిందనే మారును. కనుకనే పగుళ్లు అంచు వెంబడి నిడుపుగా మొదలగును. 2020లో రంగనాయక సాగరము, 2022లో మల్లన్న సాగరము వచ్చినవి. పొలములకు నీరు వచ్చుట మా జిల్లా భాగ్యము. దాని విలువ కరవు చూచినవారికే తెలియును. అయినను వరిమడిని ఆనుకొని పోవు దారి కాళ్లు నెలల తరబడి తడిలోనే యుండును.

రేగడికి మందు సున్నము. నూటికి మూడు మొదలు ఐదు పాళ్లు కలిపినచో ఉబ్బు తగ్గును, జిగట విరుగును. బొగ్గుబూడిదయు తోడైనచో ఆ మిశ్రమము కాలక్రమమున సిమెంటువలె గట్టిపడును. ఆ బూడిద ఎక్కడనో లేదు. 1983లో విద్యుదుత్పత్తి నారంభించిన రామగుండపు కేంద్రము ఈ రహదారి పోవు దిక్కుననే యున్నది. వట్టి బూడిదను మాత్రము వానకు విడువరాదు. మట్టికవచము లేనిచో కొట్టుకొనిపోవును.

మరియొక మాట. యాసంగి కోతలకు మనవారు దారిపైననే వడ్లు ఆరబోసి, చుట్టును రాళ్లు పేర్చుదురు. కల్లము లేని రైతును నేను నిందింపలేను. కాని రాత్రి ఆ రాళ్లు తీయనిచో, చీకటిలో వచ్చువాడు తప్పించుకొనుటకు అంచునకే దిగవలెను. అక్కడ మెట్టున్నది!

2015లో కేంద్ర రవాణా శాఖ జాతీయ రహదారులపై ప్రమాదస్థలమునకు లక్షణము చెప్పినది: 500 మీటర్ల నిడివిలో మూడేండ్లలో ఐదు తీవ్ర ప్రమాదములు గాని, పది మరణములు గాని జరిగియుండవలెను. లెక్కకు అది యవసరమే. కాని ఐదుగురు పడువరకు ఆగనక్కరలేని కొలత యొకటి కలదు. దానికి అరగజపు బద్ద చాలును. పల్లెదారిపై పడిన ఒక్కడు ఏ పట్టికలోను చేరడు.

ఆ యువకుడు ఇప్పుడు ఆ దారి ప్రక్కనే కిరాణా దుకాణము పెట్టుకొనియున్నాడు. మొన్న నేను పోయినప్పుడు అతడే బద్ద యొకవైపు పట్టుకొనెను. మరల రెండంగుళములు దిగినది. వానలకు ముందే మొరము పోయించుడని పంచాయతీ వారికి చెప్పి వచ్చితిని.