కందిరీగ కాటు – మూత్రపిండములు



కందిరీగ కుట్టినదనగానే మన ఇండ్లలో సున్నపుకాయ వెదకుదురు. ఒక్క కాటునకు అంతకన్న కంగారు అక్కరలేకపోవచ్చును. నేను చెప్పబూనినది మందగా పైబడి కుట్టినప్పటి సంగతి.

ఖరగ్‌పూర్ చెంత సాలువృక్షముల నడుమనున్న మన సాలువాలో చెట్ల తొఱ్ఱలకును, పాతకట్టడముల చూరులకును కొదవలేదు. ఇచ్చటి వంగదేశీయులు పెద్ద కందిరీగను ‘భీమ్‌రుల్’ అందురు. ఆ పేరు వినగానే తెలుగువానికి భీముడు స్ఫురించుట సహజమే! 2013లో చైనాలోని షాన్‌షీ రాష్ట్రమున ఇట్టి కందిరీగల దాడులలో నలుబదిమందికి పైగా మరణించిరి.

ఈ విషము వలన కీడు రెండు విధములు. మొదటిది నిమిషములలో వచ్చును: ఒడలెల్ల దద్దురులు, ఊపిరాడకుండుట, స్పృహ తప్పుట. దీనికి వెంటనే ఎడ్రినలిన్ సూది పడవలయును. ఇది కంటికి కనబడును గనుక జనులు పరుగెత్తుదురు. రెండవది మాటుననుండి వచ్చునది. విషము రక్తకణములను, కండరములను విచ్ఛిన్నము చేయగా వెలువడిన హీమోగ్లోబిన్, మయోగ్లోబిన్ అను పదార్థములు మూత్రపిండముల సన్నని నాళములలో చేరి వానిని చెరచును.

1941లో లండను నగరముపై బాంబులు పడిన కాలమున కూలిన ఇండ్లక్రింద నలిగినవారిలో బైవాటర్స్, బీల్ అను వైద్యులు ఇట్టిదే గమనించిరి. శిథిలములనుండి వెలికి తీసినపుడు కుదుటగానే కన్పట్టిన కొందరు, మూత్రము బంధించి, కొలదిదినములలో మరణించిరి. అచ్చట కండరమును నలిపినది గోడ, ఇచ్చట విషము.

కావున వాపు తీసినది, జ్వరము లేదు, ఇక భయము లేదనుకొనరాదు. మూడుదినములు మూత్రమును కనిపెట్టి చూడవలయును. అది కాఫీ డికాషను రంగున వచ్చినను, పరిమాణము తగ్గినను ఆలస్యము కూడదు. మంద కుట్టినపుడైతే ఆ గుర్తులకై వేచియుండక, ముందే ఆసుపత్రికి పోవుట మేలు. పసిపిల్లలకు తక్కువ కాట్లే అపాయకరములు. అచ్చట రక్తములో క్రియాటినిన్ పరీక్షింతురు. అవసరమగుచో మరునాడు మరల పరీక్షింతురు. సకాలమున సెలైను ఎక్కించిన మూత్రపిండములు నిలువవచ్చును. అవి పనిచేయుట మానినను డయాలిసిస్ కలదు. పెక్కుమందికి కొన్ని వారములలో అవి తిరిగి కోలుకొనును. అందాక ప్రాణము నిలుపుటయే పని.

ఇంటిలో చేయదగినది కొంచెమే. తేనెటీగ తన ముల్లును చర్మములో విడిచిపోవును. దానిని తడవు చేయక గీకివేయవలయును. కందిరీగ సాధారణముగా ముల్లు విడువదు, మరల మరల కుట్టును. నొప్పికని ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ బిళ్ళలను మీయంతట మీరు మ్రింగింపకుడు. అవి మూత్రపిండములకు మఱొక దెబ్బ. మూత్రము ఆగినవానిచే చెంబులకొలది నీరు త్రాగించుటయు ప్రమాదమే.

వైద్యునికొఱకు ఒక చీటి వ్రాసికొనిపొండు: కుట్టిన వేళ, రమారమి కాట్లెన్ని, కడపట మూత్రము ఎప్పుడు పోసెను, దాని రంగేమి. రోగి చెప్పలేని స్థితిలోనున్నను ఆ చీటి చెప్పును.