నోబాల్ తెచ్చిన జైలు

2010 ఆగస్టులో, లార్డ్స్‌లో ఇంగ్లండ్‌తో జరిగిన టెస్టులో, పాకిస్తాన్ బౌలర్లు మహమ్మద్ ఆమిర్, మహమ్మద్ ఆసిఫ్ ముందే కుదిరిన బేరం ప్రకారం కావాలనే నోబాల్స్ వేశారు. మ్యాచ్ ఫలితాన్ని కాక, అందులోని ఒక చిన్న ఘట్టాన్ని ఇలా అమ్ముకోవడాన్నే స్పాట్ ఫిక్సింగ్ అంటారు. అంతర్జాతీయ క్రికెట్ మండలి వారిపైనా, కెప్టెన్ సల్మాన్ బట్‌పైనా నిషేధం విధించింది. నిషేధం క్రీడాసంస్థ వేసే శిక్ష. జైలు వేరు, అది చట్టం వేసేది. ఇంగ్లండ్‌లో జూదంలో మోసానికి తోడ్పడటం నేరం కనుక, 2011 నవంబరులో లండన్ కోర్టు ఆ ముగ్గురినీ, బేరం నడిపిన ఏజెంటునూ జైలుకు పంపింది. నేరం చేసేనాటికి 18 ఏళ్లవాడై, నేరం ఒప్పుకున్న ఆమిర్‌కు ఆరు నెలలు పడగా, కెప్టెన్‌కు అంతకు ఐదింతలు పడింది. కుర్రవాణ్ని కాపాడవలసిన నాయకుడే బేరంలో ఉన్నప్పుడు ఈ తేడా సమంజసమే. నిషేధం ముగిశాక 2016లో ఆమిర్ మళ్లీ పాకిస్తాన్‌కు ఆడాడు. మిగతా ఇద్దరికీ ఆ అవకాశం రాలేదు.