పరదేశపు బేరమున రెండు వట్టములు



బిడ్డలను దూరదేశములకు పంపిన యిండ్లు నేడు కృష్ణా డెల్టాలో ఊరూర కలవు. కూతురి పురిటికో, మనుమలను చూచుటకో వృద్ధులైన తలిదండ్రులు సముద్రములు దాటి పోవుచున్నారు. అట్లు గుణదలనుండి అమెరికాకు బయలుదేరిన యొక పెద్దమనిషిని ఊహింతము. ఆయన జేబులో బ్యాంకువారిచ్చిన క్రెడిట్ కార్డు కలదు. మనుమరాలికి తన సొమ్ముతోనే గొలుసు కొనవలెనని ఆయన కోరిక. అల్లుని యెదుట చేయి చాపరాదని ఆయన అభిమానము.

ఆ గొలుసు వెల మన లెక్కలో సరిగా లక్ష రూపాయలనుకొందము. ఇంటికి వచ్చిన చీటీలో మాత్రము 1,04,130 రూపాయలని యుండవచ్చును. ఈ అదనపు సొమ్ము ఎక్కడిది? పూర్వము నాణెములు మార్చువారు వట్టము పుచ్చుకొనెడివారని పెద్దలెరుగుదురు. ఇదియు నట్టిదే. డాలరులను రూపాయలుగా మార్చినందులకు మన బ్యాంకులు పెక్కు కార్డులపై నూటికి 3.5 వంతున రుసుము వేయుచున్నవి. అనగా లక్షకు 3,500 రూపాయలు. ఆ రుసుముపై నూటికి 18 వంతున జీఎస్టీ 630 రూపాయలు. మొత్తము 4,130. ఇది మొదటి వట్టము.

రెండవది మర్యాద వేషమున వచ్చును. దుకాణములోని యంత్రము, "రూపాయలలో చెల్లింతురా, డాలరులలోనా?" యని యడుగును. తెలిసిన నాణెము గదా యని మనవారు రూపాయల నెన్నుకొందురు. కాని అప్పుడు మారకపు ధరను నిర్ణయించునది ఆ దుకాణపు పక్షమువారు. సామాన్యముగా అందులో వారి లాభము కలిసియే యుండును. పైగా అట్టి చెల్లింపుపై సయితము రుసుము వేయు బ్యాంకులు మనదేశమున అనేకము కలవు. కావున ఏ దేశమున నున్న ఆ దేశపు నాణెముననే చెల్లించుట మేలు.

ఇంకొక హెచ్చరిక. క్రెడిట్ కార్డుతో నగదు తీయరాదు. తీసినచో వేరుగా రుసుము పడును. ఆ దినమునుండియే వడ్డీ నడచును.

ప్రయాణమునకు ముందే బ్యాంకునకు పోయి మూడు మాటలడుగుడు. ఈ కార్డుపై విదేశపు రుసుము నూటికెంత? రుసుము తక్కువగా గల కార్డుగాని, ముందు సొమ్ము నింపుకొను విదేశ ప్రయాణపు కార్డుగాని కలదా? ఈ కార్డు పరదేశమున పనిచేయునా? ఈ మూడవది మరువరాదు. 2020లో రిజర్వు బ్యాంకు చేసిన యేర్పాటు ననుసరించి, క్రొత్తగా నిచ్చిన కార్డు స్వదేశములోనే చెల్లును. విదేశపు వాడుకను మనమే కోరి తెరిపించుకొనవలెను.

ధాన్యము కాటాకెక్కకమునుపే తరుగెంతయని యడుగు రైతును ఎవ్వరును పిసినారి యనరు. బ్యాంకులో నడుగుటయు నట్టిదే. గొలుసు మనుమరాలి మెడలో పడవలెను. దాని వట్టము తాతగారి మనస్సున ముల్లై మిగులరాదు.